పాత వర్క్‌స్టేషన్ల లాట్లు: విండోస్ హక్కు లేకుంటే లాభం గల్లంతు

సాఫ్ట్‌వేర్ కంపెనీలు, డిజైన్ కార్యాలయాలు లీజు గడువు తీరగానే వదిలించుకునే కంప్యూటర్ వర్క్‌స్టేషన్లు లాట్లుగా వేలానికి వస్తుంటాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగుళూరు ఎస్‌.పి. రోడ్డు, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ వంటి చోట్ల ఈ సరుకు చేతులు మారుతుంది. వర్తకులు పాడుకున్న యంత్రాలను తుడిచి, తనిఖీ చేసి ఆర్కిటెక్టులకు, ఎడిటింగ్ స్టూడియోలకు, యానిమేషన్ శిక్షణాలయాలకు అమ్ముతారు. బేరం సాగేటప్పుడు ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు, డిస్కు అన్నీ లెక్కకు వస్తాయి. విండోస్ మాత్రం రాదు. యంత్రం ఆన్ చేయగానే తెరమీద కనిపిస్తున్నది గనుక అది సరుకులో కలిసే వున్నదని కొనుగోలుదారు భావిస్తాడు. అమ్మేవాడు కాదనడు.

యంత్రాన్ని కొనడం వేరు, దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడుకునే హక్కు కొనడం వేరు. యంత్రం కొన్నవాడి సొంతమవుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కొన్నవాడి సొంతం కాదు. తయారీదారు కొన్ని షరతులతో ఇచ్చే వాడకపు అనుమతే లైసెన్సు. కోల్డ్ స్టోరేజిలో మిర్చి టిక్కీలు కళ్ళ ఎదుటే వున్నప్పటికీ బాండు చేతిలో లేనిదే సరుకు కదలదు. తెరమీద విండోస్ కనిపించడం టిక్కీలు కనిపించడం వంటిదే. బాండు సంగతి విడిగా చూసుకోవలసి వున్నది.

లెక్క కోసం ఒక వర్తకుడు 50 యంత్రాల లాటును యంత్రానికి 3 వేల రూపాయల లాభం మీద పాడుకున్నాడనుకోండి. మొత్తం లాభం 1,50,000 రూపాయలు. తీరా చూస్తే వాటిలో 18 యంత్రాలకు విండోస్ హక్కు లేదని తేలింది. కొత్త హక్కుకు యంత్రానికి 10 వేల రూపాయలు వేసుకుంటే 1,80,000 రూపాయలు. లాభం పోగా చేతినుంచి మరో 30 వేలు పడుతున్నది. హార్డ్‌వేర్‌లో ఒక్క లోపమూ లేకుండానే లాటు నష్టంలో పడినట్లు.

పెట్టెతో వచ్చే హక్కు

డెల్, హెచ్‌పి, లెనోవో వంటి తయారీదార్లు కొత్త యంత్రంతోపాటు ఇచ్చే లైసెన్సును ఓ.ఇ.ఎం. లైసెన్సు అంటారు. పాత సరుకు వర్తకుడికి అన్నిటికంటె అనుకూలమైనది ఇదే. ఇది యంత్రాన్ని అంటిపెట్టుకుని వుంటుంది. యంత్రం ఎంతమంది చేతులు మారినా దానితోపాటే పోతుంది. అయితే యంత్రాన్ని విడిచి రాదు. ఒక పెట్టెనుంచి తీసి మరో పెట్టెకు తగిలించడానికి వీలులేదు. మదర్‌బోర్డును యంత్రానికి మూలంగా లెక్కిస్తారు. వారంటీ మరమ్మతులో పాడైన బోర్డుకు బదులు అదే రకం బోర్డు వేస్తే ఫరవాలేదు. అంతకుమించి బోర్డు మారిస్తే అది కొత్త యంత్రమే, పాత హక్కు చెల్లదు. రెండు చెడిపోయిన యంత్రాలనుంచి ఒక మంచి యంత్రాన్ని కట్టే మరమ్మతుదార్లు ఈ సంగతి గుర్తుంచుకోవలసి వున్నది. అటువంటి పెట్టెమీది స్టిక్కరు ఒక బోర్డుది, లోపలి బోర్డు మరొకటి.

విండోస్ 7 కాలం వరకు 25 అక్షరాల తాళపుచెవి సంఖ్య పెట్టెమీది స్టిక్కరుపై అచ్చువేసి వుండేది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటినుంచి దానిని మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌లో రాసిపెట్టడం మొదలైంది. పెట్టెమీద సంఖ్య లేని చిన్న లేబులు మాత్రమే వుంటుంది. కనుక స్టిక్కరు మీద సంఖ్య లేదని హక్కు లేదనుకోనక్కరలేదు. సంఖ్య వున్నదని హక్కు పనికివస్తుందనుకోవడానికీ లేదు.

కొన్ని లాట్లలో ఈ తేడా వర్తకుడికి కలిసివస్తుంది కూడా. 2015 తరువాత రెండు మూడేళ్ళపాటు కంపెనీలు విండోస్ 10 హక్కుతో యంత్రాలు కొని, పాత సాఫ్ట్‌వేర్ నడవడం కోసం వాటిలో విండోస్ 7 వేయించుకున్నాయి. తయారీదార్లే అలా వేసి పంపారు. అటువంటి యంత్రం తెరమీద 7 కనిపిస్తుంది, ఫర్మ్‌వేర్‌లో 10 ప్రొఫెషనల్ హక్కు వుంటుంది. తెర చూసి ధర కట్టినవాడు తక్కువకు అమ్ముకుంటాడు.

కంపెనీతో వెళ్ళిపోయే హక్కు

పెద్ద కంపెనీలు తమ యంత్రాలన్నిటికీ కలిపి వాల్యూమ్ లైసెన్సు తీసుకుని ఎంటర్‌ప్రైజ్ రకం విండోస్ వేస్తాయి. ఈ హక్కు కంపెనీకి సంబంధించినది, యంత్రాన్ని అమ్మినంత మాత్రాన కొన్నవాడికి రాదు. పైగా మైక్రోసాఫ్ట్ నిబంధనల ప్రకారం విండోస్ వాల్యూమ్ లైసెన్సు అప్‌గ్రేడు మాత్రమే. దాని అడుగున యంత్రానికి సొంత హక్కు ఒకటి వుండి తీరాలి. ఆ అడుగు హక్కు వుంటే నష్టం లేదు. డిస్కు తుడిచి ప్రొఫెషనల్ రకం వేస్తే ఫర్మ్‌వేర్‌లోని సంఖ్యతో అదే యాక్టివేట్ అవుతుంది.

అడుగున ఏమీ లేని యంత్రాలతోనే చిక్కు. తయారీదార్లు ఫ్రీడాస్‌తోను, లైనక్స్‌తోను కూడా వర్క్‌స్టేషన్లు అమ్మారు, ఇప్పటికీ అమ్ముతున్నారు. అటువంటి యంత్రంలో కంపెనీవారు ఎంటర్‌ప్రైజ్ వేసి నడిపితే, అమ్మకానికి వచ్చేనాటికి దానికి విండోస్ హక్కు ఏ రూపంలోనూ లేనట్లే. పక్కనే నిలబెట్టిన అదే మోడలు యంత్రానికి వుండవచ్చు. లాటులో ఒకటి చూసి మిగతావి అంతే అనుకుంటే ఇక్కడే దెబ్బ తగులుతుంది.

వాల్యూమ్ పద్ధతిలో మరో గుణం వున్నది. ఇందులో ఎక్కువగా వాడే కె.ఎం.ఎస్‌. విధానంలో యంత్రం కంపెనీ సొంత సర్వరును అడిగి యాక్టివేట్ అవుతుంది. ఆ యాక్టివేషన్ 180 రోజులు నిలుస్తుంది. యంత్రం కంపెనీ నెట్‌వర్కులో వున్నంతకాలం 7 రోజులకొకసారి గడువును తనంతట తానే పొడిగించుకుంటుంది. కంపెనీ గడప దాటిన తరువాత పొడిగింపు వుండదు. అయినా 180 రోజుల గడువులో మిగిలినన్నాళ్ళు యంత్రం నిక్షేపంగా నడుస్తుంది. వేలంలో చూసినప్పుడు బాగానే వుంటుంది, కొట్లో బాగానే వుంటుంది, గిరాకీదారు ఇంట్లో నాలుగు నెలలు బాగానే వుంటుంది. ఆ తరువాత తెరమీద హెచ్చరిక పడుతుంది. పైకి ఎండినట్లు కనిపించి లోపల చెమ్మ దాచుకున్న పసుపు బస్తా వంటి సరుకు ఇది. గిరాకీదారు తిరిగి వచ్చేసరికి లాటు డబ్బు ఎప్పుడో చెల్లించి వుంటారు.

దీనిని పట్టుకోవడం కష్టం కాదు. విండోస్ కమాండ్ తెరమీద ఎస్‌, ఎల్‌, ఎం, జి, ఆర్ అనే అయిదు అక్షరాలు, ఒక ఖాళీ, ఏటవాలు గీత, వెంటనే డి, ఎల్‌, ఐ అక్షరాలు కొడితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో హక్కు ఏ మార్గంలో వచ్చినదో వుంటుంది: ఓ.ఇ.ఎం., రిటైల్, లేదా వాల్యూమ్. చివరి మూడక్షరాల బదులు ఎక్స్‌, పి, ఆర్ కొడితే గడువు తేదీ వున్నదో లేదో తెలుస్తుంది. తేదీ కనిపిస్తే అది అప్పు తెచ్చిన యాక్టివేషన్. వాల్యూమ్ అని వుండి తేదీ లేని యంత్రాలు కూడా తగులుతాయి. అవీ కంపెనీ హక్కుతో నడుస్తున్నవే.

అయితే తెరమీది మాట ఒక్కటే చాలదు. దొంగ పద్ధతుల్లో యాక్టివేట్ చేసిన యంత్రాలు కూడా శాశ్వతమని చూపిస్తాయి. ఫర్మ్‌వేర్‌లో సంఖ్య వున్నదో లేదో చూడడమే గట్టి పరీక్ష. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి ఎం.ఎస్‌.డి.ఎం. అనే పట్టిక వున్నదేమో చూస్తారు. డిస్కు తీసేసిన యంత్రానికి కూడా ఈ పరీక్ష పనికివస్తుంది. డెల్ యంత్రాలకైతే సర్వీస్ ట్యాగ్ సంఖ్యను బట్టి అది కర్మాగారం నుంచి ఏ సరంజామాతో బయలుదేరిందో ఆ కంపెనీ వెబ్‌సైటులో చూడవచ్చు. లాటు చూడటానికి పోయేటప్పుడు జేబులో పెన్‌డ్రైవ్ లేని బ్రోకరు తూకం లేకుండా బేరానికి పోయినట్లే.

హక్కు సక్రమంగా వున్నా పనికిరాని యంత్రాలు కొన్ని వస్తున్నాయి. కంపెనీలు తమ యంత్రాల గుర్తులను మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ పథకంలో నమోదు చేసుకుంటాయి. అమ్మేటప్పుడు ఆ నమోదు తీసివేయకపోతే, కొత్తగా విండోస్ వేసి ఇంటర్నెట్‌కు తగిలించగానే పాత కంపెనీ ఉద్యోగి పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. డిస్కు మార్చినా ఇది పోదు, గుర్తు హార్డ్‌వేర్‌ది. నమోదు తీసివేయవలసింది పాత యజమాని. వేలం ముగిసి డబ్బు చెల్లించాక ఆ కంపెనీలో ఎవరిని పట్టుకోవాలో తెలియక తిరిగే వర్తకుడి అవస్థ చెప్పనలవి కాదు. నమోదు తొలగించి ఇస్తామన్న మాట వేలం షరతుల్లోనే రాయించుకోవడం మేలు.

స్టిక్కరుకు తగ్గిన విలువ

విండోస్ 7 స్టిక్కరు వున్న పాత పెట్టెలకు కొంతకాలం అదనపు విలువ వుండేది. విండోస్ 10కు ఉచిత మార్పిడి గడువు 2016 జూలై 29తో ముగిసినా, 7 సంఖ్యతో 10ని యాక్టివేట్ చేయడం ఆ తరువాత ఏళ్ళపాటు సాగింది. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఆ దారి మూసివేసింది. దానితో స్టిక్కరు విలువ పడిపోయింది. అంతకు ముందే 10 వేసుకుని యాక్టివేట్ అయిన యంత్రాలకు హక్కు బోర్డుతోపాటు నిలిచి వున్నది. అలా చేయని యంత్రం స్టిక్కరు మాత్రం 7కే పనికివస్తుంది. 7కు మద్దతు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది.

మార్కెట్లో విరివిగా దొరికే వర్క్‌స్టేషన్లలో హెచ్‌పి జెడ్440, జెడ్640, జెడ్840, డెల్ ప్రెసిషన్ 5810, 7810, 7910, లెనోవో థింక్‌స్టేషన్ పి500, పి700 ముఖ్యమైనవి. వీటిలో 2014 తరువాతి జియాన్ ఇ5 వి3, వి4 తరాల ప్రాసెసర్లు వుంటాయి. పనికి ఇప్పటికీ గట్టివే. కాని విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల జాబితాలో ఇవి లేవు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అడ్డదారిలో 11 వేయవచ్చు, చాలామంది వేస్తున్నారు. అటువంటి యంత్రాలకు తాజా సవరణలు అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. కనుక ఈ తరం యంత్రాలకు విండోస్ 10 హక్కు పూర్తిగా వున్నా, దాని విలువను 2025కు ముందు కట్టినట్లు కట్టడానికి లేదు. 2032 వరకు మద్దతు వున్న విండోస్ 10 రకం వేసి ఇస్తామని కొందరు అమ్మకందార్లు చెబుతుంటారు. అటువంటి రకం వున్న మాట నిజమే. అది ప్రత్యేక పరికరాల తయారీదార్లకు, వాల్యూమ్ ఒప్పందాలకు ఇచ్చేది. విడిగా పెట్టె యజమానికి చిల్లరగా అమ్మేది కాదు.

రెండు ప్రాసెసర్ల యంత్రాల్లో ఇంకో మెలిక వున్నది. విండోస్ హోమ్ రకం ఒక్క ప్రాసెసరును మాత్రమే గుర్తిస్తుంది. జెడ్840లో చవక హోమ్ సంఖ్య వేస్తే డబ్బుపోసి కొన్న రెండో జియాన్ వూరికే కూర్చుంటుంది. ప్రొఫెషనల్ రకం రెంటిని, 2017లో వచ్చిన వర్క్‌స్టేషన్ల ప్రత్యేక ప్రొఫెషనల్ రకం నాలుగింటిని నడుపుతుంది. ఆన్‌లైన్లో కొన్ని వందల రూపాయలకు దొరికే సంఖ్యల సంగతి వర్తకులకు తెలిసిందే. అవి చాలావరకు ఎక్కడో వాల్యూమ్ ఒప్పందం నుంచో, చెత్తకు పోయిన పెట్టెనుంచో తీసినవి. సంఖ్య పనిచేయడం, హక్కు వుండటం ఒకటి కాదు.

సన్, సిలికాన్ గ్రాఫిక్స్ రోజుల్లో

ఈ తలనొప్పి విండోస్‌తో పుట్టింది కాదు. డిజిటల్ కంపెనీ వి.ఎం.ఎస్‌. యంత్రాలకు అక్షరాల, అంకెల తాళపు పత్రం ఒకటి ఎక్కించకపోతే కన్సోల్ దగ్గర తప్ప ఎవరూ లోపలికి పోలేకపోయేవారు. యంత్రం అమ్ముడైతే హక్కు దానంతట అది కొత్త యజమానికి వచ్చేది కాదు. సిలికాన్ గ్రాఫిక్స్ ఇండిగో, ఇండీ, ఆక్టేన్ యంత్రాలను డిస్కు తుడిచి అమ్మితే, ఐరిక్స్ సీడీలు లేక కొన్నవారు ఇబ్బంది పడ్డారు. ఆ కంపెనీ 2006 డిసెంబరులో ఐరిక్స్ యంత్రాల తయారీ ఆపివేసింది, 2009లో ఆస్తులే అమ్ముడయ్యాయి.

సన్ మైక్రోసిస్టమ్స్ స్పార్క్ యంత్రాల్లో గుర్తింపు సంఖ్య బ్యాటరీతో కలిపి పోతపోసిన చిప్‌లో వుండేది. బ్యాటరీ అయిపోతే సంఖ్య చెరిగిపోయేది. ఆ సంఖ్యకు కట్టిన ఖరీదైన సాఫ్ట్‌వేర్ హక్కులు దానితోపాటే పనిచేయడం మానేసేవి. సన్ 2000లో 8 ప్రాసెసర్ల వరకు గల యంత్రాలకు సొలారిస్ 8 వాడకాన్ని ఉచితం చేయడంతో పాత స్పార్క్ యంత్రాలకు హక్కు బెంగ తీరింది. 2010 జనవరిలో సన్‌ను ఒరాకిల్ కొన్నది. అదే సంవత్సరం మార్చిలో సొలారిస్ 10 షరతులు మారిపోయి, సేవా ఒప్పందం లేనివారికి 90 రోజుల పరీక్షా వాడకం మాత్రమే మిగిలింది. యంత్రంలో ఒక్క మర కూడా మారలేదు. నిన్నటి ధరకు కొన్న సరుకు విలువ కాగితం మీది రెండు వాక్యాలతో మారిపోయింది.

న్యాయస్థానాల తీర్పులు

పాత సాఫ్ట్‌వేర్‌ను అమ్ముకోవచ్చునా అనే ప్రశ్నకు దేశాన్ని బట్టి జవాబు మారుతుంది. విండోస్ ఓ.ఇ.ఎం. ప్రతిని యంత్రం నుంచి విడదీసి అమ్మడాన్ని ఆపడానికి వీలులేదని జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2000 జూలైలో తీర్పు చెప్పింది. శాశ్వత హక్కుతో ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను తిరిగి అమ్ముకోవచ్చునని ఐరోపా న్యాయస్థానం 2012 జూలై 3న ఒరాకిల్ కేసులో పేర్కొన్నది. అమెరికాలో ఇందుకు విరుద్ధం. ఒక కార్యాలయం వదిలించుకున్న ఆటోకాడ్ ప్రతులను కొని ఆన్‌లైన్లో అమ్మిన వ్యక్తి కేసులో 2010లో అక్కడి అప్పీలు కోర్టు, అది అమ్మకం కాదు, లైసెన్సు మాత్రమే అన్నది. జర్మనీనుంచి వచ్చిన విడి హక్కు చవక అని కొనే వర్తకుడు, ఆ తీర్పు ఇక్కడి కోర్టులను కట్టడి చేయదని గుర్తించవలసి వున్నది.

పాత కంప్యూటర్ల వర్తకులందరూ తెలుసుకోదగిన కేసు మరొకటి అమెరికాలో జరిగింది. కాలిఫోర్నియాకు చెందిన పాత సామాను వర్తకుడొకరు, పాత డెల్ యంత్రాల్లో విండోస్ తిరిగి వేసుకోవడానికి ఉపయోగపడే డిస్కులను 28 వేల దాకా చైనాలో చేయించాడు. డిస్కుమీద డెల్ గుర్తు వేయించాడు. యంత్రాలకు హక్కు ముందే వున్నది, డిస్కులోని సరుకు ఉచితంగా దొరికేదే అన్నది అతని వాదన. కోర్టు డిస్కుకు 25 డాలర్ల చొప్పున 7 లక్షల డాలర్ల విలువ కట్టి 15 నెలల జైలు విధించింది. 2018 ఏప్రిల్లో అప్పీలు కోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది.

మన దేశంలో 1957 కాపీరైటు చట్టం 63-బి సెక్షన్ ప్రకారం, దొంగ ప్రతి అని తెలిసీ కంప్యూటరులో వాడినవారికి 7 రోజులకు తగ్గకుండా 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. వ్యాపారానికి కాని వాడకమైతే కోర్టు జైలు లేకుండా వదలవచ్చు. స్టూడియోకు, డిజైన్ కార్యాలయానికి ఆ వెసులుబాటు వర్తించడం కష్టం. అందుకే తెలివైన గిరాకీదార్లు యంత్రంతోపాటు హక్కు రుజువు కూడా అడుగుతున్నారు. అడగనివారు తరువాత కొట్టు మెట్లెక్కుతారు.

హక్కు లేని యంత్రాలకు దారులు లేకపోలేదు. మైక్రోసాఫ్ట్ రిఫర్బిషర్ల పథకంలో చేరిన సంస్థలు, లోగడ విండోస్ హక్కు కలిగివున్న యంత్రాలకు కొత్త లేబుల్‌తో హక్కు వేసి అమ్ముతాయి. ఉబుంటు, డెబియన్ వంటి లైనక్స్ రకాలకు హక్కు ఖర్చు లేదు. సర్వరు పనికి, రెండరింగు పనికి కొనేవారు లైనక్స్‌నే కోరుతారు గనుక హక్కులేని రెండు ప్రాసెసర్ల యంత్రాలను అటు మళ్ళిస్తే లాటులోని మంచి సరుకు విండోస్ గిరాకీకి మిగులుతుంది.

బిల్లు రాసే తీరు

చాలామంది బిల్లుమీద "విండోస్‌తో సహా" అని రాస్తున్నారు. ఆ రెండు మాటలకే తరువాత జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఓ.ఇ.ఎం. హక్కు వున్న యంత్రమైతే యంత్రం వరుస సంఖ్య, విండోస్ రకం, హక్కు ఫర్మ్‌వేర్‌లో వున్నదా, లేబుల్‌పై వున్నదా అన్నది బిల్లులో రాయాలి. లేనిదైతే "ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా" అని రాసి, డిస్కు తుడిచి ఇవ్వాలి. పరీక్ష కోసం వేసిన విండోస్‌ను అలాగే వదలి "లేకుండా" అని రాస్తే ఉపయోగం లేదు. వేలం పాడేముందు కంపెనీ నుంచి వరుస సంఖ్యల జాబితా తెప్పించుకుని, ప్రతి సంఖ్య ఎదుట హక్కు రకం రాయించుకునే వర్తకులు వున్నారు. జాబితా ఇవ్వని లాటుకు వారు ఆ మేరకు ధర తగ్గించి పాడుతున్నారు.